నలభై నిమిషాల బ్యాటరీ, పద్నాలుగు రిజిస్టర్లు

జూన్ 3, సోమవారం

మా ఇంటి ఆడబిడ్డకి, కొండ మీద నుంచి వదిన రాస్తున్నది.

నువ్వు పంపిన ల్యాప్‌టాప్ చేరింది. జీపు డ్రైవరు దాన్ని కోడిగుడ్ల అట్టల మధ్య పెట్టి తెచ్చాడు. గుడ్లు మూడు పగిలాయి, దానికి మాత్రం ఏమీ కాలేదు. పాడైపోయిన రెండింటిని కలిపి ఒకటి చేశానన్నావు కదా, మూత ఎర్రగా, అడుగు నల్లగా భలే ఉంది. మీ అన్నయ్య తిప్పి తిప్పి చూసి "ఇది మా చెల్లి చేతి పనే, అతుకు కనిపిస్తోంది" అన్నాడు. గర్వంగానే అన్నాడులే, ఉడుక్కోకు.

ఇక అసలు గోల విను. పోయినసారి సంతకి దిగినప్పుడు ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పాను, నీకేం అర్థమైందో నాకు తెలీదు. పై ఆఫీసు నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. నోరు తెరిస్తే గడువు. మంచినీళ్ళిస్తే అవి కూడా గడువులోపల తాగేవాడిలా గడగడా తాగేశాడు. ఆయనకి నేను గడువుగారని పేరు పెట్టాను. ఈ కేంద్రంలో ఆరేళ్లుగా వేసిన టీకాలన్నీ, పద్నాలుగు రిజిస్టర్లు, జూలై 31 లోపల కంప్యూటర్‌లోకి ఎక్కాలట. ఎక్కకపోతే ఇక్కడ మనుషులే లేనట్టు లెక్కట. అప్పుడు కేంద్రం ఎత్తేసి, నా ఫ్రిజ్‌ని కింద ఊరి ఆసుపత్రికి పట్టుకుపోతారట. కింద ఊరంటే నాలుగు గంటల నడక, సరుకుల జీపు వచ్చేది నాలుగైదు రోజులకోసారి. చంకలో పిల్లతో నడిచే తల్లికి ఎన్ని గంటలో ఆయన్నే నడిచి చూడమనాల్సింది.

ఉన్న నర్సుని నేనొక్కదాన్నే. రాసినదాన్నీ నేనే, ఎక్కించాల్సినదాన్నీ నేనే. సరే ఎక్కిస్తాను. కానీ నీ ల్యాప్‌టాప్ నలభై నిమిషాలు పనిచేసి గుడ్లు తేలేస్తోంది. ఇల్లూ కేంద్రమూ ఒకటే కదా, ఆ కప్పు మీద సౌరఫలకాలు ఉన్నవి రెండే, రాత్రికి కరెంటు దాచే బ్యాటరీ ఒకటి, అవన్నీ ముందు ఫ్రిజ్‌కి. మిగిలితే దీనికి. ఏం చెయ్యాలో రాయి. పెద్ద పెద్ద మాటలు వద్దు, మామూలుగా రాయి.

వదిన

జూన్ 7, శుక్రవారం

వదినా,

గుడ్లు తేలెయ్యడం ఏమిటి, అది పన్నెండేళ్ల ముసలిది! ఆ మోడల్‌కి కొత్త బ్యాటరీ ఎక్కడా దొరకడం లేదు, చచ్చీచెడీ వెతుకుతున్నాను. ఉన్న బ్యాటరీతోనే గంటన్నర లాగొచ్చు, నేను చెప్పినట్టు వింటే. నువ్వు వినవని తెలిసీ రాస్తున్నాను చూడు, నాకు బుద్ధి లేదు.

అన్నిటికంటే ఎక్కువ కరెంటు తాగేది తెర వెలుతురు. దాన్ని సగానికి తగ్గించు. కీబోర్డు కింద వెలిగే దీపాలు ఆపెయ్. మౌసు పీకెయ్, వేలితో నడుపు. పెన్‌డ్రైవ్ అవసరమైనప్పుడే పెట్టు. నీకు అక్కడ నెట్టు ఎలాగూ లేదు, పాపం అది మాత్రం రోజంతా నెట్టు కోసం వెతుక్కుంటూ ఉంటుంది. కింద మూలన విమానం బొమ్మ ఉంటుంది, నొక్కితే వెతకడం మానేస్తుంది. పక్కనే బ్యాటరీ బొమ్మ మీద ఆకు ఉంటుంది, అది పొదుపు పద్ధతి, దాన్నీ నొక్కు. నువ్వు టైపు చేసే ఆ ఒక్క పట్టిక తప్ప మరేదీ తెరిచి ఉంచకు. బ్యాటరీ పూర్తిగా సున్నా అయ్యేదాకా వాడకు, ఇరవై దగ్గర ఆపెయ్. ఇంకోటి, మూత వేసినంత మాత్రాన అది ఆరిపోదు, కునుకు తీస్తుంది అంతే. పని అయ్యాక పూర్తిగా ఆపు. ముఖ్యంగా, వేడి బ్యాటరీకి శత్రువు. దాన్ని చల్లగా ఉంచు.

నా కొట్లో సంగతి చెప్పనా? నిన్న ఒకాయన ల్యాప్‌టాప్ తెచ్చి "ఊరికే ఆగిపోతోందమ్మా" అన్నాడు. విప్పితే లోపల గిన్నెడు టీ. "టీ పోశారా?" అంటే "నేనా? ఛ" అన్నాడు. చక్కెర వాసన కూడా వస్తోంది, వదినా. ఇలాంటివాళ్లతో రోజంతా వేగి, సాయంత్రం నీకు ఉత్తరం రాస్తున్నాను. కనికరించు.

నీ ఆడబిడ్డ

జూన్ 14, శుక్రవారం

అమ్మాయీ,

నువ్వు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. వినను వినను అంటావు కదా, ఇప్పుడు విను.

వెలుతురు సగం చెయ్యమన్నావు. సగంతో ఆదా సగమే కదా అని, ఉన్నంతా తగ్గించేశాను. పగలు తెర మీద నా ముఖమే కనిపిస్తోంది, అక్షరాలు కనిపించడం లేదు. అందుకని దుప్పటి కప్పుకుని, దాని లోపల ల్యాప్‌టాప్ పెట్టుకుని కొడుతున్నాను. మొన్న ఒకావిడ పిల్లవాడిని తీసుకొచ్చి, గదిలో మంచం మీద దుప్పటి ముద్ద కదులుతూ ఉంటే "నర్సమ్మకి జ్వరమా?" అని గుమ్మంలోనే ఆగిపోయింది. దుప్పటిలోంచి "ఏం లేదు, రా" అన్నాను. పిల్లవాడు దడుచుకుని ఏడుపు లంకించుకున్నాడు. సూది వేసినా అంత ఏడవలేదు.

మీ అన్నయ్య తన వంతుగా ఒక చెక్క పెట్టె చేశాడు, ల్యాప్‌టాప్ సరిగ్గా అందులో ఇమిడిపోతుంది, నాలుగు పక్కలా బిగుతుగా. లోపలికి దుమ్ము పోదట. వడ్రంగి పని మాత్రం బ్రహ్మాండం. కానీ అందులో పెట్టాక అది పెనంలా కాలుతోంది. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది, వేడి శత్రువని. చల్లగా ఉంచడం నాకు ఒకరు నేర్పాలా? నా బతుకంతా అదే పని. అందుకని ఆ పెట్టె పక్కన పడేసి, టీకాలు మోసే మంచు పెట్టె ఉంది కదా, పాతది, దాంట్లో అడుగున రెండు, పైన రెండు మంచు దిమ్మలు పెట్టి, మధ్యలో ల్యాప్‌టాప్ గుడ్డలో చుట్టి పెడుతున్నాను. వాడే ముందు తీస్తాను, అయిపోగానే పెడతాను. థర్మామీటర్ కూడా పెట్టాను. నాలుగు డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది. ఇంతకంటే చల్లగా ఎవరు ఉంచగలరో చెప్పు.

అయినా నలభై నిమిషాలే. నిన్నటి నుంచి కొన్ని అక్షరాలు రెండేసి పడుతున్నాయి. మొదటి మూడు రిజిస్టర్లు అయ్యాయి. నీ సలహాలు నువ్వే ఒకసారి సరిచూసుకో.

వదిన

జూన్ 17, సోమవారం

వదినా! మహాతల్లీ!

ఈ ఉత్తరం అందగానే చదవడం ఆపి, ముందు వెళ్లి దాన్ని ఆ మంచు పెట్టెలోంచి బయటికి తియ్. తీశావా? ఇప్పుడు చదువు.

మంచు పెట్టెలో పెట్టడమేమిటి? అది ల్యాప్‌టాపా, పోలియో చుక్కలా? చల్లటి వస్తువుని బయటికి తెస్తే దాని మీద నీళ్లు పడతాయి, నీకు తెలీదా? మంచినీళ్ల సీసా చూడలేదా ఎప్పుడూ? ఆ నీళ్లు బయటే కాదు, లోపల కూడా పడతాయి. అక్షరాలు రెండేసి పడుతున్నాయంటే లోపల తడి చేరిందని. నీ ఉత్తరం కొట్లోనే చదివాను, పక్క కుట్టు మిషను ఆవిడ పరిగెత్తుకొచ్చి ఎవరైనా పోయారా అని అడిగింది, అంత గట్టిగా అరిచానట.

చల్లగా ఉంచమంటే గాలి తగలనివ్వమని! ఎండలో పెట్టవద్దని! దాని అడుగున, పక్కన సన్నటి చీలికలు ఉన్నాయి చూడు, వాటిలోంచి అది ఊపిరి తీసుకుంటుంది. అన్నయ్య చేసిన పెట్టె ఆ ముక్కు మూసేసింది. వాడు నా చిన్నప్పుడు నా రేడియోకి కూడా ఇలాగే పెట్టె చేసి, స్పీకరు ఉన్న వైపే మేకులు కొట్టాడు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. ఆపెయ్. వెనక్కి తిప్పి రెండు గొళ్లాలు జరిపి బ్యాటరీ ఊడదియ్. నీడలో, గాలి వచ్చేచోట, మూత తెరిచి బోర్లా నిలబెట్టు, గుడారంలా. మూడు రోజులు ముట్టుకోకు. ఎండలో పెట్టకు. పొయ్యి దగ్గర పెట్టకు. నీకు ఏం తోచినా అది చెయ్యకు.

తల ప్రాణం తోకకొచ్చింది.

నీ ఆడబిడ్డ

జూన్ 28, శుక్రవారం

ఆడబిడ్డగారికి,

మీ ఆజ్ఞ ప్రకారం మూడు కాదు, ఐదు రోజులు ఆరబెట్టాము. అక్షరాలు ఇప్పుడు ఒకటొకటే పడుతున్నాయి. సంతోషమే కదా.

నేను మంచినీళ్ల సీసా ఎప్పుడూ చూడలేదా? ఇరవై రెండేళ్లుగా సీసాల మీది తడి తుడిచి, లేబులు చెరగకుండా చూసి, పిల్లలకి సూదులు వేస్తున్నదాన్ని. నువ్వు చల్లగా ఉంచు అన్నావు. ఎంత చల్లగానో రాయలేదు. మా పనిలో అలా ఎవరూ రాయరు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు అని రాస్తారు. నువ్వు అంకె వేసి ఉంటే నేను అంకె ప్రకారం చేసేదాన్ని. మీ అన్నయ్యకి నీ ఉత్తరం చదివి వినిపించాను. మేకుల సంగతి దగ్గర ఆయన లేచి పెరట్లోకి పోయాడు. రెండు రోజులుగా భోజనానికి తప్ప లోపలికి రావడం లేదు.

పని సంగతి. దుప్పటి మానేసి, వెలుతురు సగానికి పెట్టాను. విమానం నొక్కాను. ఆకు నొక్కాను. మౌసు పెట్టెలో పడుకుంది. ఇప్పుడు గంటా పది నిమిషాలు వస్తోంది, ఒప్పుకుంటున్నాను. ఐదు రిజిస్టర్లు అయ్యాయి. కానీ నువ్వు ఎంత తెలివైనదానివైనా ఇది చెప్పు. సాయంత్రం అరవై శాతం ఉండగా మూత వేస్తాను. పొద్దున తీస్తే పది. ఎవరు తాగేస్తున్నారు ఆ యాభై? మీ అన్నయ్య పెరట్లో ఉన్నాడు, ఆయన కాదు.

వదిన

జూలై 2, మంగళవారం

వదినా,

"గారికి" ఏమిటి, అలిగావా? అలుగు. జూన్ 7న రాసిన ఉత్తరం తియ్. మూత వేస్తే అది ఆరిపోదు, కునుకు తీస్తుంది, పూర్తిగా ఆపు అని రాశాను. ఉందా లేదా? కునుకులో కూడా బ్యాటరీ కారుతూనే ఉంటుంది. నేను నెత్తీ నోరూ కొట్టుకుని రాసినదాన్ని నువ్వు మంచు దిమ్మల కింద పెట్టి ఉంటావు.

పూర్తిగా ఆపితే మళ్లీ తెరుచుకోవడానికి పది నిమిషాలు పడుతుందని నీ బాధ అయితే, మధ్యలో ఒక దారి ఉంది. ఆపే బొమ్మ దగ్గర మూడో మాట నొక్కు. తెరిచి ఉన్న పట్టికని అలాగే లోపల దాచుకుని, కరెంటు వాడకుండా పడుకుంటుంది. పొద్దున తియ్యగానే వదిలిన వరస దగ్గరే తెరుచుకుంటుంది.

లెక్క చూశాను. నెలలో ఐదు రిజిస్టర్లు చేశావు. ఇంకా తొమ్మిది ఉన్నాయి, ఇరవై తొమ్మిది రోజులు ఉన్నాయి. రోజుకి ఒకసారి కాదు, రెండుసార్లు ఛార్జింగ్ పెట్టాలి. రెండు ఫలకాలంటే తక్కువేమీ కాదు కదా. ఎందుకు పెట్టడం లేదు? రిజిస్టర్లు రెండు నాకు పంపితే ఇక్కడ నేనే కొట్టేస్తానంటే, అవి కేంద్రం గడప దాటకూడదంటావు. మరి ఎలా వదినా? నాకు చెయ్యి కట్టేసి ఈత కొట్టమన్నట్టు ఉంది.

అన్నయ్యతో రేడియో ఇప్పటికీ పనిచేస్తోందని చెప్పు. అబద్ధమే, చెప్పు.

నీ ఆడబిడ్డ

జూలై 12, శుక్రవారం

అమ్మాయీ,

మూడో మాట నొక్కాను. యాభై శాతం దొంగ దొరికాడు. నీ తెలివికి దణ్ణం. అలక పోయింది.

కానీ వాన పట్టుకుంది. ఎనిమిది రోజులుగా ఆకాశం మసిగుడ్డలా ఉంది. రోజుకి ఎండ రెండు గంటలు, అదీ ముక్కలుగా. వచ్చినదంతా ఫ్రిజ్‌కే పోతోంది. సాయంత్రం ఏదైనా మిగిలితే దీనికి ఇరవై నిమిషాలు పెడతాను. రెండుసార్లు ఎందుకు పెట్టవని అడిగావు కదా, ఇందుకు. కాసేపు ఎండ, కాసేపు మబ్బు, నేను థర్మామీటరుకీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాను. ఒకసారి ల్యాప్‌టాప్‌ని జీపులో కిందకి పంపి, టీ కొట్లో ఛార్జింగ్ పెట్టించాను. వెళ్లి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ రిజిస్టర్లు తెరిచి ఊరికే చూస్తూ కూర్చున్నాను.

ఎనిమిది అయ్యాయి. ఆరు మిగిలాయి. గడువుగారి మనిషి జీపు డ్రైవరు చేత గుర్తు చేయించాడు, గడువు పొడిగించేది లేదట. డ్రైవరు అది చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు. వాడి పిల్లలిద్దరికీ టీకాలు ఇక్కడే.

రాత్రి అన్నం సహించలేదు. మీ అన్నయ్య కప్పు ఎక్కి ఫలకాలు తుడిచాడు. మబ్బుని ఎవరు తుడుస్తారు?

వదిన

జూలై 16, మంగళవారం

వదినా,

ఇక నేను సూటిగా రాస్తాను, నొచ్చుకోవద్దు.

ఫ్రిజ్ నాలుగు గంటలు ఆపెయ్. రోజూ నాలుగే గంటలు. మా ఇంట్లో కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తియ్యకుండా ఉంటే ఆరు గంటలు చల్లగానే ఉంటుంది, నేను చూశాను. ఆ నాలుగు గంటల కరెంటు ల్యాప్‌టాప్‌కి పెడితే రోజుకి అర రిజిస్టరు లాగేస్తావు. పదిహేను రోజుల్లో ఆరూ అయిపోతాయి. అవి అవ్వకపోతే ఎలాగూ ఫ్రిజ్ పట్టుకుపోతారు కదా! ఫ్రిజ్‌ని కాపాడటానికే ఫ్రిజ్‌ని కాస్త ఆపమంటున్నాను. ఇది అర్థం కావడానికి పెద్ద చదువు కావాలా?

నువ్వు ఎప్పుడూ ఇంతే. ఎదుటివాళ్లు చెప్పింది సగం పట్టుకుని, సగం వదిలేస్తావు. నేను ఇక్కడ రోజూ నీ గురించే ఆలోచిస్తూ, వచ్చిన పని వాయిదా వేసి, పనికిరాని బ్యాటరీల కోసం ఊరంతా తిరుగుతున్నాను. నీకు నిజంగా ఆ కేంద్రం నిలబడాలని ఉందా లేక నీ మాటే నెగ్గాలని ఉందా?

నీ ఆడబిడ్డ

జూలై 19, శుక్రవారం

అమ్మాయీ,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించలేదు. ఆయనకి నువ్వంటే ప్రాణం. అది అలాగే ఉండనీ.

మీ ఇంటి ఫ్రిజ్ కొత్తది. నా ఫ్రిజ్ తలుపు రబ్బరు అరిగిపోయి మూడేళ్లయింది, అడుగుతూనే ఉన్నాను, రాలేదు. ఇది ఆపిన గంటన్నరకే ఎనిమిది డిగ్రీలు దాటుతుంది. దాటితే లోపలి మందు నీళ్లతో సమానం. చూస్తే తేడా తెలీదు. రంగు మారదు, వాసన రాదు. సూది వేయించుకుని ఇంటికి పోతారు, పిల్లకి రక్ష ఉందనుకుంటారు.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఏడేళ్ల కిందట, ఫ్రిజ్ రాకముందు, నేను కింద నుంచి మంచు పెట్టె మోసుకుని నడిచి వచ్చేదాన్ని. ఒకరోజు దారిలో వాగు పొంగి మూడు గంటలు ఆగాను. పైకి వచ్చి చూస్తే మంచు కరిగి పద్నాలుగు డిగ్రీలు. బయట నలభై మంది తల్లులు కూర్చుని ఉన్నారు. మందంతా పారబోసి, వచ్చే నెల రమ్మని పంపేశాను. ఒక్క డోసు కూడా వెయ్యలేదు. తప్పు చెయ్యలేదు. కానీ ఆ నెలలోనే ఒక పసిపిల్లకి తట్టు వచ్చింది. బతికింది. ఒక చెవి పోయింది. ఇప్పుడు ఎనిమిదేళ్లది, నేను ఎదురుపడితే నవ్వుతుంది. వెనక నుంచి పిలిస్తే ఒక్కోసారి తిరగదు. ఆ తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

నాకు కేంద్రం నిలబడాలని ఉంది. మనసంతా అదే. కానీ కాగితం మీద కేంద్రం నిలబడి, లోపల మందు చచ్చిపోయి ఉంటే, దాన్ని నిలబెట్టి నేనేం చేసుకోను? ఫ్రిజ్ ఆపను. ఇంకోసారి రాయకు.

పది అయ్యాయి.

వదిన

జూలై 23, మంగళవారం

వదినా,

నాలుగుసార్లు రాసి చింపేశాను. నాకు క్షమించు అని రాయడం రాదు, నీకు తెలుసు, మా ఇంట్లో ఎవరికీ రాదు. నేను రాసిన ఆ ఉత్తరం పొయ్యిలో వెయ్. నిన్ను నేను పదహారేళ్లుగా ఎరుగుదును, ఈ సంగతి ఎరగను. ఆ మాట రాసినందుకు నా చెయ్యి విరిగిపోతే బాగుండు. కొట్లో పొద్దుటి నుంచి ఒక్క పనీ చెయ్యలేదు.

ఇంకో కబురు. మీ గడువుగారు నిన్న నా కొట్టుకి వచ్చాడు! ఆయన ఆఫీసున్న ఈ ఊళ్లో ల్యాప్‌టాపులు బాగుచేసే కొట్టు నాదొక్కటే కదా. నేను నీ మరదలినని ఆయనకి తెలీదు, నేనూ చెప్పలేదు. కీబోర్డులో ఒక మీట ఊడింది. పెట్టించుకున్నాడు. బ్యాటరీ చూస్తే ఉబ్బడానికి సిద్ధంగా ఉంది, అరగంట కూడా రాదు, మార్చమన్నాను. "ఇప్పుడు కాదు, 31న కొండ మీదకి తనిఖీ ఉంది, గడువు లేదు" అన్నాడు. వెలుతురు నిండుగా పెట్టుకుని, పది పనులు ఒకేసారి తెరిచి, చీలికల్లో దుమ్ముతో, అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. నీకు రాసిన పాఠమంతా ఆయనకి చెప్పబోయాను, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఒక్క క్షణం ఆ ల్యాప్‌టాప్‌ని వారం రోజులు ఇవ్వకుండా ఆపేద్దామా అనిపించింది. నీకు కోపం వస్తుందని ఇచ్చేశాను.

కాబట్టి 31న ఆయన స్వయంగా వస్తున్నాడు. ఎన్ని అయితే అన్నే చూపించు. మాట్లాడేటప్పుడు మెల్లగా మాట్లాడు. నీ నోరు నాకు తెలుసు.

నీ ఆడబిడ్డ

ఆగస్టు 2, శుక్రవారం

అమ్మాయీ,

ముందు ఇది. నీ ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు, రిజిస్టర్ల బీరువాలో పెట్టాను. రేపు ఎప్పుడైనా నువ్వు మీ అన్నయ్య మీద ఎగిరితే బయటికి తీస్తాను. అయిపోయింది, ఇక ఆ సంగతి వదిలెయ్.

31 సంగతి రాస్తాను. కాస్త పెద్దది, కూర్చుని చదువు.

ఆ రోజు టీకాల రోజు కూడా. ఆకాశం అలాగే ఉంది. పొద్దున ఫ్రిజ్ ఏడున్నర డిగ్రీలు చూపిస్తోంది. పదిన్నరకి గడువుగారు దిగాడు. దిగీ దిగగానే "ప్లగ్గు ఎక్కడ?" అన్నాడు. జీపులో ల్యాప్‌టాప్ చూస్తూ వచ్చాడట, కొండ సగం ఎక్కేసరికి చచ్చిపోయిందట. నివేదిక అందులోనే ఉంది, ఇక్కడే నింపాలి, కిందకి దిగి సాయంత్రానికల్లా పంపాలి. ప్లగ్గు దగ్గరికి వెళ్లి ఫ్రిజ్ తీగ పట్టుకున్నాడు.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. నువ్వు మెల్లగా మాట్లాడమన్నావు. మెల్లగానే అన్నాను, "అయ్యా, అది తియ్యకండి. ఎండ వచ్చి, ఫ్రిజ్ ఐదు డిగ్రీలకి దిగాక మీకు పెడతాను."

"నేనెవరో తెలుసా?" అన్నాడు.

"తెలుసండి. మందుకి తెలీదు కదా" అన్నాను. నోరు జారింది. జారిందంతే, ఏం చెయ్యను?

ఆయన ముఖం కందగడ్డ అయింది. రికార్డులు చూపించమన్నాడు. ల్యాప్‌టాప్ తెరిచాను. పద్నాలుగు శాతం ఉంది. పదకొండు రిజిస్టర్లు చూపించాను, వరస వరసా. మిగిలినవి మూడు. "గడువు ఈ రోజే" అన్నాడు. తెలుసండి అన్నాను. "మరి ఎందుకు అవ్వలేదు? ఇంటి మీద రెండు ఫలకాలు ఉన్నాయి కదా, కరెంటంతా ఏమైంది?" అన్నాడు. నేను ఫ్రిజ్ వైపు చూపించాను. నోరు తెరిస్తే ఏడుపు వచ్చేలా ఉంది, ఆయన ముందు ఏడవకూడదనుకున్నాను. ఇక పనిలో పడ్డాను, బయట అప్పటికే తల్లులు వచ్చేశారు.

ఆయన బల్ల మీద కూర్చున్నాడు, ఒళ్ళో చచ్చిన ల్యాప్‌టాప్ పెట్టుకుని. వెళ్లడానికి జీపు లేదు, సరుకులు దింపడానికి పై వాడకి పోయింది. చెయ్యడానికి పని లేదు. ఇరవై ఆరు మంది వచ్చారు ఆ రోజు. బల్ల నిండిపోతే ఒకావిడ రెండో బిడ్డని ఆయన ల్యాప్‌టాప్ మీదే కూర్చోబెట్టి, "కాస్త పట్టుకోండయ్యా" అని పెద్దదాన్ని తీసుకుని లోపలికి వచ్చింది. ఆయన పట్టుకున్నాడు. ఏం చేస్తాడు? ఇంకొకావిడతో ఎక్కడి నుంచి వచ్చావమ్మా అని అడగడం వినిపించింది. ఆవిడ చెప్పింది, అవతల కొండ నుంచి, తెల్లారకముందు బయల్దేరానని. కింద ఊరికి వెళ్లొచ్చు కదా అన్నాడు. ఆవిడ నవ్వేసింది.

ఒంటిగంట దాటాక ఎండ వచ్చింది. నాకు తెలిసేలోగా ఆయనే లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి థర్మామీటరు చూశాడు. "ఆరున్నర ఉంది" అన్నాడు. "ఇంకా దిగాలండి" అన్నాను. వెళ్లి కూర్చున్నాడు. పావుగంట తర్వాత మళ్లీ లేచి చూశాడు. "ఆరు" అన్నాడు. ప్లగ్గు అడగలేదు.

అంతలో జీపు వచ్చి హారను కొట్టింది. వాన మళ్లీ పడేలోగా దిగాలని డ్రైవరు తొందర పెట్టాడు. గడువుగారు నన్ను ఒక తెల్లకాగితం అడిగాడు. ఇచ్చాను. పెన్ను అడిగాడు. నిలబడే, గోడకి ఆనించి రాశాడు. సంతకం పెట్టి, నా చేతికి ఇచ్చి, "తప్పులుంటే చెప్పండి" అన్నాడు. కిటికీ వెలుతురుకి పట్టుకుని చదివాను. మూడే ముక్కలు ఉన్నాయి.

"రికార్డులు అసంపూర్తి. కారణం: ఉన్న విద్యుత్తు టీకాలకు వాడినారు. కేంద్రం ఇక్కడే కొనసాగవలెను."

"తప్పుల్లేవండి" అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన మూడూ వచ్చే నెలాఖరుకి అవుతాయా అని అడిగాడు. గడువు అనలేదు, అవుతాయా అన్నాడు. అవుతాయండి అన్నాను.

జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వచ్చి ఫ్రిజ్‌కి వీపు ఆనించి కింద కూర్చుని ఏడ్చానమ్మా. మీ అన్నయ్య వచ్చి చూసి, కేంద్రం పోయిందనుకుని ఆయనా పక్కన కూర్చున్నాడు. పోలేదని ఏడుస్తూనే తల అడ్డంగా ఊపాను. ఆయనకి అర్థం కాలేదు. అలాగే ఇద్దరం కూర్చున్నాం, వెనక ఫ్రిజ్ గుర్రుమంటూ ఉంది. కాసేపటికి లేచి థర్మామీటరు చూశాను. ఐదు.

అప్పుడు ల్యాప్‌టాప్‌కి ప్లగ్గు పెట్టాను.

వదిన